గద్వాల దగ్గర కృష్ణను రెండుసార్లు దాటిన రోజు

ఈ ప్రయాణానికి కారణం ఒక హోంవర్క్. విదేశాంగ సర్వీసుకు ఎంపికైన మాలాంటివాళ్ళకు ఢిల్లీలోని జాతీయ అకాడమీలో శిక్షణ ఇస్తారు. ఒప్పందాల భాష, జెండాల క్రమం, విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, కారులోంచి ముందు ఎవరు దిగాలి, అన్నీ నేర్పుతారు. మధ్యలో కొన్ని రోజులు ఏదో ఒక రాష్ట్రానికి పంపించి, సర్కారు చివరి ఇంటికి ఎలా చేరుతుందో చూసి రాసుకు రమ్మంటారు. బయటి దేశాల యువ దౌత్యాధికారులు కూడా చిన్న చిన్న కోర్సుల కోసం మా అకాడమీకే వస్తుంటారు. వాళ్ళలో మెలె అనే అమ్మాయిని నాకు జతచేశారు. ఆమెది పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం. మా బ్యాచ్‌లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆమెను వారం రోజులు పాలమూరు వైపు తిప్పి, భద్రంగా వెనక్కి తీసుకురావడం నా పని అయింది. భద్రంగా అన్న మాటను మా కోర్సు డైరెక్టర్ గారు రెండుసార్లు అన్నారు.

ఏ ఊరు చూస్తావని అడిగితే మెలె మ్యాపులో గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో ఉన్న ఒక దీవి మీద వేలు పెట్టింది. "నదిలో దీవా? అక్కడికి నర్సు ఎలా వెళ్తుంది? టీచరు ఎలా వెళ్తాడు? మా దేశంలో ఉన్న సమస్య ఇదే" అంది. నేను సరేనన్నాను కానీ ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. చిన్నప్పుడు మా ఊరి కాలవలో జారిపడ్డాను. ఎవరో జుట్టు పట్టుకుని లాగారట. నాకు గుర్తున్నది ముక్కులోకి పోయిన బురద వాసన ఒక్కటే. అప్పటి నుంచి నీళ్ళంటే భయం. ఈ సంగతి అకాడమీలో ఎవరికీ చెప్పలేదు.

హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్‌కు బస్సులో సుమారు మూడు గంటలు. అక్కడ మకాం పెట్టాం. మొదటి రోజు మన్ననూర్ వెళ్ళి అడవి అంచున ఉన్న బడి చూసి, చీకటి పడితే ఆ దారి మూసేస్తారని సాయంత్రానికే వెనక్కి వచ్చేశాం. రెండో రోజు పొద్దున ఆరింటికి గద్వాలకు బయలుదేరాం. రోజంతటికీ మాట్లాడుకున్న కారు, డీజిల్‌తో కలిపి మూడున్నర వేలు. డ్రైవర్ పేరు అంజన్న, సొంతూరు పాన్‌గల్. వనపర్తి మీదుగా పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరిగితే గద్వాల. ఎక్కడా ఆగకపోతే రెండున్నర గంటలు చాలు.

వంతెన మీద అంజన్న బండి నెమ్మది చేసి కిందికి చూశాడు. "నిన్నటికన్న పెరిగినయి మేడం నీళ్లు. పైన కర్ణాటకల వానలు పడుతున్నయంట. మీరు దీవికి ఇయ్యాల్నే పోవాల్నా?"

"రేపు అలంపూర్, ఎల్లుండి ఢిల్లీ. ఇవ్వాళ తప్పితే కుదరదు" అన్నాను.

"పోతే పోన్రి గని జల్ది రాన్రి. నాకు ఈత రాదు, మిమ్ముల దేవులాడనీకె నేను నీళ్లల్ల దిగలేను" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గద్వాలలో బస్టాండుకు దగ్గరగా ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులను నానబెట్టి తాలింపు పెట్టే ఈ ఉగ్గాని ఈ సరిహద్దు ఊళ్ళలో పొద్దుటి టిఫిను. ప్లేటు నలభై రూపాయలు, ఒక్కటి తింటే కడుపు నిండుతుంది. మెలె బజ్జీ కారానికి కళ్ళు తుడుచుకుంటూనే ఇంకొకటి అడిగింది. నేను సగం ప్లేటు వదిలేశాను. తొమ్మిది దాటాక రేవు చేరాం. అప్పటికి నది ప్రశాంతంగానే ఉంది. నీళ్ళు పచ్చగా, అడుగున రాళ్ళు కనబడేంత తేటగా ఉన్నాయి. మధ్య మధ్య బండల మీద కొంగలు నిలబడి ఉన్నాయి. దాటించేది పుట్టి, అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్టకు కింద తారు పట్టా అంటించిన పడవ. దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు వేసే మనిషి ఎటు తిప్పితే అటు గిర్రున తిరుగుతూ పోతుంది. మనిషికి యాభై తీసుకున్నారు.

పుట్టి నడిపే తిప్పన్నకు అరవై దాటి ఉంటాయి. తమ్ముడు సాయం ఉంటాడు. నేను పుట్టి అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మెలె చెయ్యి నీళ్ళలో పెట్టి ఏదో పాట కూనిరాగం తీసింది. ఇరవై నిమిషాల్లో దీవి చేరాం. దిగగానే తిప్పన్న నాతో అన్నాడు: "పైనకెల్లి నీళ్లొస్తున్నయని పొద్దుగాల్నే చెప్పిన్రు మేడం. డ్యాం గేట్లు ఎన్నింటికి లేపుతరో తెల్వదు. పదకొండున్నర లోపల మీరు రావాలె. మీరొచ్చేదాక పుట్టి ఈడనే ఉంటది, ఎటూ పోదు."

ఆ మాటకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. పడవ ఒడ్డునే ఉంటుంది, నా కోసమే ఉంటుంది.

దీవి మీద కొన్ని పదుల ఇళ్ళు, ఒక బడి, చుట్టూ వరి మడులు, పశువులు. పాలు పుట్టిలో పోతాయి, గ్యాసు బండలు పుట్టిలో వస్తాయి. మెలె ప్రశ్నలు అడగడం, నేను తెలుగులో అడిగి చెప్పడం. నదికి వరద వస్తే బడి ఎన్ని రోజులు మూతపడుతుంది, మందులు ముందే తెచ్చి పెట్టుకుంటారా, ఫోన్ పనిచేస్తుందా. పది ముప్పావు అయ్యేసరికి మా నోట్సు నిండిపోయింది. బయలుదేరాల్సిందే. అప్పుడు ఒకాయన, "దీవికి ఆ కొసాకు ఒక ముసలమ్మ ఒక్కతే ఉంటది. పింఛను కోసం ఆమె గూడ నది దాటి పోవాలె" అన్నాడు. నా చెవుల్లో 'చివరి ఇల్లు' అన్న మాట మోగింది. అసైన్‌మెంటుకు అంతకంటే ఏం కావాలి? మార్కులు నా కళ్ళ ముందు కనబడ్డాయి. మెలె గడియారం చూసింది. "మనకు టైముందా?" అని అడిగింది. ఉందన్నాను. పొలం గట్ల మీద నడిచి వెళ్ళడానికే అరగంట పట్టింది. ముసలమ్మ మజ్జిగ ఇచ్చింది. కథలన్నీ చెప్పింది. నేను ఫోటోలు తీశాను. ఫోన్ మోగేసరికి పన్నెండు దాటి పది నిమిషాలైంది.

అంజన్న గొంతు అరుపులా వచ్చింది. "మేడం, గేట్లు లేపిన్రంట! ఈడ నీళ్లు రంగు మారుతున్నయి. ఉరికి రాన్రి!"

ఉరికాం. గట్ల మీద రెండుసార్లు జారాను. రేవు కనబడే మలుపు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున చూసిన నది అక్కడ లేదు. ఎర్రటి నీళ్ళు, అంచులకు తెల్లటి నురగ, దానిలో కొమ్మలు, గడ్డి, ఎక్కడిదో ఒక ప్లాస్టిక్ బిందె. కొంగలు నిలబడిన బండల్లో ఒక్కటీ కనబడలేదు. అన్నిటికంటే భయపెట్టింది చప్పుడు. దూరంగా లారీలు వరసగా పోతున్నట్టు, ఆగకుండా, ఒకే గొంతుతో. మిగతా పుట్లన్నీ పొద్దున్నే పాలతో అవతలి ఒడ్డుకు పోయి అక్కడే ఆగిపోయాయి. ఇవతల ఉన్నది తిప్పన్న పుట్టి ఒక్కటే.

దాని పక్కన ఒక బండ మీద నిండు నెలల అమ్మాయి కూర్చుని ఉంది. ఒక చేత్తో నడుము పట్టుకుని, పళ్ళ బిగువున మూలుగుతోంది. పక్కన అత్త నర్సమ్మ. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పుట్టిని పట్టుకున్న కుర్రాడు భర్త, రవి. ఆ అమ్మాయి పేరు మహేశ్వరి అని తర్వాత తెలిసింది.

"ఈ నీళ్లల్ల నలుగుర్ని మించి ఎక్కించ" అన్నాడు తిప్పన్న. "మేము ఇద్దరం తెడ్డేస్తం. మేడం వాళ్లిద్దరు, అత్త, కోడలు. అంతే. ఇప్పుడు పోకపోతే మల్ల ఎన్నొద్దులకో."

నేను ముందు ఎక్కేశాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది కానీ జరిగింది జరిగినట్టు రాయాలి. ఎవరూ నన్ను ముందు ఎక్కమనలేదు. నీళ్ళ మధ్య రోజుల తరబడి చిక్కుకుపోతానన్న భయం, ఆ నీళ్ళను దాటాలన్న భయం, రెంటిలో మొదటిదే ఆ క్షణాన పెద్దదైంది. తర్వాత మహేశ్వరిని ఎత్తి కూర్చోబెట్టారు. నర్సమ్మ ఎక్కింది. మెలె ఒక కాలు లోపల పెట్టి ఆగింది.

"నీళ్ళలో నిలబడ్డ అబ్బాయి ఎవరు?" అని నన్ను అడిగింది.

"ఆమె భర్త."

"రావడం లేదా?"

"చోటు లేదు."

రవికి మా మాటలు అర్థం కాలేదు కానీ మా చూపులు అర్థమయ్యాయి. "ఏం పర్వాలేదు మేడం, మీరు పోన్రి. అమ్మ ఉంది గద" అన్నాడు. అంటున్నప్పుడు అతని కళ్ళు భార్య మీదే ఉన్నాయి.

మెలె భుజానికి ఉన్న సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. కాలు వెనక్కి తీసుకుంది. రవి భుజం మీద తట్టి పుట్టి వైపు చూపించింది. "నేను ఇంతకంటే చిన్న దీవిలో పుట్టాను. నువ్వు వెళ్ళు" అంది నాతో. అప్పుడు నేను లేవాలి. ఆమె నా అతిథి, ఆమె భద్రత నా బాధ్యత. ఆమె అక్కడుంటే నేనూ అక్కడుండాలి. నాకు తెలుసు. లేవమని నా ఒంటికి చెప్పాను. చేతులు పుట్టి అంచును వదల్లేదు. రవి ఎక్కాడు, తిప్పన్న బలంగా తోశాడు, అంతే. దీవి వెనక్కి పోయింది. మెలె ఒడ్డుకు వచ్చిన ఊరి ఆడవాళ్ళ మధ్య నిలబడి చెయ్యి ఊపింది.

ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ముప్పావుగంట అన్నాడు అంజన్న. పుట్టి తిరుగుతోంది. ఒకసారి ఆకాశం, ఒకసారి ఎర్రటి నీళ్ళ గోడ, ఒకసారి తిప్పన్న మెడ నరాలు. అలలు అంచు దాటి లోపలికి పడుతున్నాయి. నర్సమ్మ చెంబుతో తోడి పోస్తోంది. మహేశ్వరి నా మణికట్టు పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె గోళ్ళు దిగుతున్నాయి. ఆ నొప్పి నాకు ఒక ఆసరాగా ఉంది. ముక్కులోకి మళ్ళీ ఆ బురద వాసన వచ్చింది. మధ్యలో ఒక చెట్టు మొద్దు, వేళ్ళతో సహా, మా వైపే రావడం చూశాను.

"కదలకున్రి తల్లీ! ఎవరూ కదలకున్రి!" అని తిప్పన్న అరిచాడు. అన్నదమ్ములిద్దరూ ఒకవైపే తెడ్లు వేశారు. పుట్టి ఒక్కసారి ఒరిగింది. మొద్దు వేళ్ళు పట్టాను గీసుకుంటూ పోయిన చప్పుడు నా వీపు కిందే వినబడింది. మహేశ్వరి ఏడవడం లేదు. "అత్తా, దాటినమా? దాటినమా?" అని మాత్రం అడుగుతోంది. "దాటుతున్నం బిడ్డా, కనపడుతుంది ఒడ్డు" అంది నర్సమ్మ. ఒడ్డు ఆమెకు వీపు వెనక ఉంది.

రేవుకు చాలా కిందుగా, తుమ్మ చెట్ల మధ్య ఒడ్డు తగిలింది. రవి నీళ్ళలోకి దూకి పుట్టిని లాగాడు. అంజన్న ఒడ్డు వెంబడి కారును మట్టి బాటలో మాతో పాటే నడిపిస్తూ వచ్చాడట. అతను దిగి వచ్చి ఏమీ అడక్కుండా వెనక సీటు మీద టవల్ పరిచాడు. గద్వాల దవాఖాన చేరేసరికి రెండు దాటింది. మహేశ్వరిని వెంటనే లోపలికి తీసుకెళ్ళారు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాక చూశాను, మెలె సంచి ఇంకా నా చేతిలోనే ఉంది. పాస్‌పోర్టు అందులోనే, ఫోనూ అందులోనే. నదిలో ఉన్నంతసేపూ పడ్డ భయం ఒక ఎత్తు, ఆ సంచి చూసి పడ్డ భయం ఒక ఎత్తు. పరాయి దేశపు దౌత్యాధికారిని, మాట తెలియని ఊళ్ళో, వరద మధ్య, ఫోను కూడా లేకుండా వదిలేసి వచ్చాను. ఊరివాళ్ళ నంబర్లు రవి ఇచ్చాడు. ఒక్కటీ కలవలేదు. కరెంటు పోయి ఉంటుందన్నాడు. నీళ్ళు ఎంతవరకు వస్తాయని అడిగాను. "ఇండ్ల దాక రావు మేడం. ఒక్కసారి వచ్చినయి, ఎప్పుడో" అన్నాడు. ఆ 'ఒక్కసారి' నా గుండెల్లో కూర్చుంది.

నర్సమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. నాకు ధైర్యం చెబుదామనో ఏమో, తనే మాటలు మొదలుపెట్టింది. "పదిన్నరకే తెచ్చినం బిడ్డా కోడల్ని రేవుకు. పొద్దుగాల్నే నొప్పులు సురువైనయి. తిప్పన్న అన్నడు, ఢిల్లీ నుంచి సర్కారు మేడం వాళ్లొచ్చిన్రు, వాళ్లను ఇడిసిపెట్టి పుట్టి తీస్తే బాగుండదు, ఇప్పుడే వస్తరు, అందరం కలిసి పోదమని. మేము గూడ సరే అన్నం. మొదటి కాన్పు గద, జల్ది కాదనుకున్నం. ఇప్పుడొస్తరు, ఇప్పుడొస్తరు అని చూసినం."

"నన్ను పిలవచ్చు కదమ్మా" అన్నాను.

"పెద్దోళ్లు పనిల ఉన్నరు. ఎట్ల పిలుస్తం?" అంది. ఆమె గొంతులో నింద లేదు. మామూలు విషయం చెబుతున్నట్టు చెప్పింది. పదిన్నరకు నది పచ్చగా, తేటగా ఉంది. ఇరవై నిమిషాల దారి. ఆ సమయంలో నేను ఎవరింట్లోనో కూర్చుని, మందులు ముందే తెచ్చి పెట్టుకుంటారా అని అడుగుతున్నాను.

లోపల ఆలస్యమైన కొద్దీ నర్సమ్మ లేచి తలుపు దగ్గరికి పోయి వస్తోంది. రవి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక నర్సు బయటికి వచ్చి రక్తం ఏ గ్రూపని అడిగి వెళ్ళింది. ఎందుకని అడిగే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది. పుట్టి ఆగింది నా వల్ల. ఈ అమ్మాయికి ఏమన్నా అయితే? ఆ ప్రశ్నను మనసులో పూర్తి చేయలేకపోయాను. నాలుగున్నరకు ఏడుపు వినబడింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం అన్నారు. రవి నేల మీద కూర్చుండిపోయాడు. అంజన్న ఎక్కడికో వెళ్ళి అందరికీ చాయ్ పట్టుకొచ్చాడు.

తర్వాత ఢిల్లీకి ఫోన్ చేశాను. డైరెక్టర్ గారు మొత్తం విన్నారు. చివరికి ఒకటే అడిగారు: "ఆమె అక్కడ, మీరు ఇక్కడ, ఎందుకు?" భయపడ్డాను సార్ అన్నాను. తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో, ఏం చెప్పాలో ఒక్కొక్కటే చెప్పారు. చేశాను. ఆరు గంటలప్పుడు దీవిలో ఒక ఫోను కలిసింది. "మీ మేడం ఈడనే ఉన్నది. మా పిల్లలకు ఏదో పాట నేర్పుతుంది. పరేషాన్ గాకున్రి" అన్నాడెవరో. వెనకాల పిల్లల గొంతులు వినబడ్డాయి. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు పది గంటలకు సహాయక బృందం ఇంజిను పడవలో మెలెను తీసుకొచ్చింది. ఎవరిదో నేత చీర చుట్టుకుని ఉంది. దిగుతూనే "పాపా, బాబా?" అని అడిగింది. పాప అన్నాను. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇద్దరం దీవిలోనే ఉండిపోతే ఒడ్డున ఫోన్లు ఎవరు చేస్తారు? నువ్వు వెళ్ళడమే మంచిదైంది" అంది. అది ఆమె నిజంగా అనుకున్న మాటో, దౌత్యమో, నాకు ఇప్పటికీ తెలియదు.

అకాడమీలో ఈ కథంతా నివేదికలో రాసి, క్లాసులో చదివి వినిపించాను. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, రావాల్సిందే. రేపు ఏదో ఒక దేశంలో యుద్ధమో వరదో వచ్చి, మనవాళ్ళు మా ఆఫీసు గేటు ముందు నిలబడితే, విమానంలో ఎవరు ముందు, ఎవరు తర్వాత అని తేల్చేది నాలాంటివాళ్ళే. ఆ రోజు కూడా భయం వేస్తుంది, వేయకుండా ఉండదు. ఈసారైతే దిగుతావా అని ఒక తోటి ట్రైనీ అడిగింది. దిగుతానని చెప్పాలనిపించింది. తెలియదని చెప్పాను. ఈత మాత్రం నేర్చుకుంటున్నాను. నడుము లోతు దాటి ఇంకా పోలేదు.

మీరు ఆ దీవికి వెళ్ళాలనుకుంటే జనవరి నుంచి మే మధ్యలో వెళ్ళండి, అప్పుడు నది దాటడం తేలిక. వానాకాలంలో తప్పనిసరైతే ఎగువ గేట్ల సంగతి రేవులోనే కనుక్కుని, వాళ్ళు చెప్పిన టైముకు పది నిమిషాలు ముందే ఒడ్డుకు రండి. దిగేటప్పుడు పుట్టి నడిపే మనిషితో ఒక మాట చెప్పి వెళ్ళండి: "ఎవరికన్నా అవసరం పడితే మా కోసం ఆగొద్దు, తీసుకెళ్ళిపోండి" అని. మీరు చెప్పకపోతే వాళ్ళు ఆగుతారు.